సాయంత్రం ఆరు దాటాక కరెంటు ఎక్కణ్ణుంచి? సోలార్, పంప్డ్ స్టోరేజ్ (నీళ్లు పైకి ఎత్తి కరెంటు దాచుకోవడం), కొవ్వాడ అణు కేంద్రం మీద మాట్లాడుకుందాం

ఓర్వకల్లు_గాలి (కర్నూలు)
అందరికీ నమస్కారం. ఏ గ్రూపులో చూసినా ఇదే గొడవ, ఒకాయన సోలార్ ఉంటే చాలు ఇంకేం అక్కర్లేదంటాడు, ఇంకొకాయన అణు విద్యుత్ తప్ప దిక్కులేదంటాడు. నేను అడిగేది ఒక్కటే, సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా కరెంటు ఎక్కణ్ణుంచి తెస్తారు?

మాది గని, శకునాల దగ్గర. 2017లో ఇక్కడ వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పూర్తయింది, ఆరు వేల ఎకరాలకి కాస్త తక్కువ. అందులో 500 మెగావాట్లకి 2015లో యూనిట్ 4 రూపాయల 63 పైసల రేటు వస్తే దేశమంతా ఆశ్చర్యపోయింది, 2017కి కడప టెండర్‌లో 3.15, అదే ఏడాది రాజస్థాన్ భడ్లాలో 2.44. అంటే పగటి కరెంటు చవకే, ఆ వాదన అయిపోయింది. కానీ పొద్దు వాలాక గంటన్నర, రెండు గంటల్లో ప్లాంటు మొత్తం సున్నాకి వచ్చేస్తుంది, సరిగ్గా అప్పుడే ఊళ్లలో లైట్లు, ఏసీలు, ఇండక్షన్ స్టవ్వులు ఆన్ అవుతాయి. మీ ఊళ్లో, మీ పనిలో మీరు చూసింది చెప్పండి, ఫార్వర్డ్ మెసేజ్‌లు వద్దు.

లెక్కల_మాస్టారు (రాజమండ్రి)
మంచి ప్రశ్న వేశావు బాబూ. ముందు ఒక సంగతి తేల్చుకుందాం, మెగావాట్లు వేరు, యూనిట్లు వేరు. ఒక్కసారిగా ఎంత ఇవ్వగలదో మెగావాట్లు చెప్తాయి, మొత్తం మీద ఎంత ఇచ్చిందో యూనిట్లు చెప్తాయి. 2025 మధ్యలో దేశం స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ లాంటి ఇంధనాలు కాని వాటిదే అని పేపర్లో వచ్చింది, నిజమే. కానీ మన మీటర్లో తిరిగే యూనిట్లలో ఇప్పటికీ సుమారు 70 శాతం బొగ్గుదే. ఎందుకంటే వెయ్యి మెగావాట్ల సోలార్ ఏడాదికి సుమారు 190 కోట్ల యూనిట్లు ఇస్తే, అంతే సామర్థ్యం ఉన్న అణు కేంద్రం 80 శాతం నడిచినా 700 కోట్లు ఇస్తుంది. కర్ణాటకలో కైగా అణు కేంద్రం ఒకటో రియాక్టర్ 962 రోజులు ఆగకుండా నడిచి 2018 చివర్లో రికార్డు కొట్టింది. మెగావాట్‌కి మెగావాట్ పెట్టి పోల్చేవాళ్ల మాట వినొద్దు.

కొవ్వాడ_ఒడ్డు (శ్రీకాకుళం)
మాస్టారూ మీ లెక్క సరే గానీ ఆ 700 కోట్ల యూనిట్లు ఎవరి ఊరు మీంచి వస్తాయో కూడా ఓసారి రాయండి. మాది రణస్థలం మండలం. కొవ్వాడ దగ్గర అణు కేంద్రం అన్న మాట నేను బడికెళ్లే రోజుల్నించి వింటున్నాను. మొదట జీఈ హిటాచీ కంపెనీ రియాక్టర్లు అన్నారు, తర్వాత గుజరాత్‌లో మీఠీ విర్ది వాళ్లు ఒప్పుకోకపోతే వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఇటు తెచ్చారు, 1208 మెగావాట్లవి ఆరు. 2017 మార్చిలో ఆ వెస్టింగ్‌హౌసే దివాలా పిటిషన్ వేసింది. ఇన్నేళ్లూ మా భూములు అమ్ముకోడానికి లేదు, ఇల్లు బాగుచేసుకుందామంటే రేపు తీసీసుకుంటారేమో అని చెయ్యి రాదు, పెళ్లి సంబంధాలకి వచ్చినోళ్లు కూడా ఊరు ఉంటాదా పోతాదా అని అడుగుతున్నారు. కడితే కట్టాలి లేకపోతే వదిలీయాలి, మనిషి బతుకుని ఇన్నేళ్లు వేలాడదీయకూడదు.

బొగ్గుబాయి (గోదావరిఖని)
అన్నా నీ బాధ సమజైంది. మా దిక్కు కథ ఇంకో తీరు. మా తాత సింగరేణిల జేసిండు, మా నాయిన జేసిండు, నేను ఎన్టీపీసీ గేటు పక్కన్నే పెరిగిన. రామగుండంల 2600 మెగావాట్లున్నయి, అదే రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలే సోలార్ గూడ పెట్టిన్రు. అందరు బొగ్గు బంద్ జెయ్యాలె అంటరు గని సాయంత్రం మీకు కరెంటు ఇస్తున్నది గా బొగ్గే.

ఇంకొక ముచ్చట బయటోళ్లకు తెల్వదు. ఇదివరకు థర్మల్ యూనిట్ అంటే ఫుల్ లోడ్ మీద ఒక్క తీరుగ నడిచేది. ఇప్పుడు పగటీలి సోలార్ వస్తది గద, లోడ్ 55 శాతం దాక దించమంటరు, పొద్దుగూకంగనే మళ్ల ఎత్తమంటరు. రోజూ గిట్ల దించుడు ఎత్తుడు జేస్తే బాయిలర్ ట్యూబులు వేడికి చల్లకు పగుల్తయి, ట్యూబ్ లీక్ అయితే యూనిట్ మొత్తం ఆపాలె, బాయిలర్ సల్లారేదాక ఆగి లోపలికి పోయి వెల్డింగ్ జెయ్యాలె. సోలార్ యూనిట్ రెండున్నర రూపాయలని రాస్తరు, ఈ ఖర్చు ఎవ్వల ఖాతాల రాస్తున్రు?

ఎస్సారెస్పీ_ఆయకట్టు (జగిత్యాల)
వ్యవసాయం గురించి ఎవ్వరు అంటలేరు కాబట్టి నేను చెప్త. తెలంగాణల గరిష్ఠ డిమాండ్ ఎండాకాలం ఏసీలతోని రాదు, యాసంగి పంటకు బోర్లు నడిచినప్పుడు వస్తది. 2025 మార్చిల 17 వేల మెగావాట్లు దాటింది. 2018 జనవరి ఒకటి నుంచి మాకు 24 గంటలు ఫ్రీ కరెంటు. అంతకుముందు రెండు దఫాల ఇచ్చేది, రాత్రి దఫా అంటే బ్యాటరీ లైటు పట్టుకొని పొలం పోవుడు, పాములు కరిచి, స్టార్టర్ డబ్బాకు షాక్ కొట్టి ఎంతమంది పోయిన్రో ఊరూరికి తెలుసు. ఆ రోజులు మళ్ల రావద్దు.

అయితే నా మాట ఇది. నీళ్లు పారేది పగలే అయితే చాలు మాకు. పొద్దున తొమ్మిదింటికెల్లి నాలుగింటిదాక మంచి వోల్టేజీ ఇయ్యిరి, రాత్రి కరెంటు అక్కర్లేదు అని నేనే రాసిస్త. ఆంధ్రల తొమ్మిది గంటలు పగటిపూట ఇస్తున్రు గద. సోలార్ ఉన్నప్పుడే బోర్లు నడిస్తే సగం స్టోరేజ్ అవసరమే ఉండది, నీళ్లు మళ్లల్ల నిలవ ఉంటయి గద.

ఓర్వకల్లు_గాలి
> నీళ్లు మళ్లల్ల నిలవ ఉంటయి గద

అన్నా ఈ మాట ఇంజనీర్లు చెప్పాలి, మీరు చెప్పారు. పంపు లోడ్‌ని పగటికి మార్చడం కన్నా చవకైన బ్యాటరీ లేదు. పెద్ద ఎత్తిపోతల పథకాలకీ ఇదే లెక్క, రిజర్వాయర్‌లోకి నీళ్లు మధ్యాహ్నం ఎత్తినా అర్ధరాత్రి ఎత్తినా పంటకి తేడా లేదు, గ్రిడ్‌కి మాత్రం చాలా తేడా.

మేడమీద_ప్యానెల్ (విజయవాడ)
నేను పోయినేడాది ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టించాను, పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78 వేలు వచ్చింది, బిల్లు బాగా తగ్గింది, సంతోషమే. కానీ వేసినవాళ్లు చెప్పని విషయం ఏంటంటే కరెంటు పోతే మన సోలార్ కూడా ఆగిపోతుంది! పైన ఎండ మండిపోతుంటే కింద ఫ్యాను తిరగదు. మా అత్తగారికి ఆక్సిజన్ మెషిన్ ఉంది, దానికోసమే పెట్టించాం. అడిగితే రూల్ అంతే మేడం అన్నారు. ఇలాంటి సోలార్‌తో భవిష్యత్తు ఎలా నడుస్తుంది?

డిశ్చార్జ్_రాడ్ (లైన్‌మన్, ఊరు చెప్పను)
మేడం, ఆ రూలు నా ప్రాణం కోసం పెట్టింది. కొంచెం ఓపిగ్గా చదవండి.

11 కేవీ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకి కరెంటు తెచ్చే 11 వేల వోల్టుల లైను) మీద తీగ తెగితే నేను సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్సీ, అంటే లైన్ ఆపి పనిచేసే అనుమతి, తీసుకుంటాను, వాళ్లు బ్రేకర్ తీస్తారు, నేను లైను తెంపే ఏబీ స్విచ్ ఓపెన్ చేస్తాను, లైన్లో కరెంటు ఉంటే భూమిలోకి పంపే డిశ్చార్జ్ రాడ్లు తగిలిస్తాను, అప్పుడు స్తంభం ఎక్కుతాను. అటువైపు ఎవరో ఇంట్లో జనరేటరో ఇన్వర్టరో లైన్లోకి రిటర్న్ సప్లై ఇస్తే, మీ ఇంటి 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి పోయి పైన 11 వేల వోల్టులు అవుతాయి. మాతో పనిచేసిన ఒకతను అలాగే పోయాడు, రాడ్లు తగిలించబోతూ. అందుకే గ్రిడ్ పోగానే మీ ఇన్వర్టర్ దానంతటదే ఆగుతుంది, ఆగాలి.

మీకు కావాల్సింది హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీతో. అది గ్రిడ్ నుంచి పూర్తిగా తెగి ఇంటి వరకే ఇస్తుంది. ఆక్సిజన్ మెషిన్‌కి చిన్న బ్యాటరీ చాలు, ముందు అది పెట్టించండి, ఆలస్యం చెయ్యొద్దు.

ఇంకోటి, కొన్ని వీధుల్లో ఒకే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇరవై ముప్ఫై ఇళ్లు సోలార్ పెట్టేశాయి. మధ్యాహ్నం ఇళ్లలో వాడకం ఉండదు, వోల్టేజీ 250 దాటిపోతుంది, ఇన్వర్టర్లు ఓవర్ వోల్టేజ్ అని ట్రిప్ అవుతాయి, మళ్లీ మాకే ఫోన్లు. ట్రాన్స్‌ఫార్మర్లు పెంచకుండా సోలార్ పెంచితే ఇదే జరుగుతుంది.

మేడమీద_ప్యానెల్
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండి. అమ్మినప్పుడే ఈ నాలుగు ముక్కలు చెప్పి ఉంటే అప్పుడే బ్యాటరీ పెట్టించేవాళ్లం కదా. రేపే అడుగుతాను. మీరు జాగ్రత్త అండీ.

సీమ_గడ్డ (పులివెందుల దగ్గర)
సోలార్ సాయంత్రం రాదు, గాలి సాయంత్రం, రాత్రి వస్తాది గదా, దాని గురించి ఎవురూ మాట్లాడరేం? అనంతపురం కొండల మీద మరలు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బాగా తిరుగుతాయి. కానీ 2019లో ఏపీలో పాత ఒప్పందాలు తిరగదోడి గాలికి 2.43, సోలార్‌కి 2.44 ఇస్తామన్నారు, కేసులు నడిచి 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందం రేటే ఇవ్వాలని చెప్పింది. మధ్యలో మూడేండ్లు కొత్తగా పెట్టుబడి పెట్టేదానికి పెద్దగా ఎవురూ ముందుకి రాలా. రేటు ఎక్కువో తక్కువో కానీ, సంతకం పెట్టి మాట మారిస్తే తర్వాత వచ్చేవాడు ఆ భయానికి కూడా వడ్డీ వేసుకుంటాడు, అది మన బిల్లులోకే వస్తాది.

అణు విద్యుత్ గురించి చెప్పాలంటే దాని మొదలు మా దగ్గరే ఉండాది, తుమ్మలపల్లె యురేనియం గని. చుట్టుపక్కల కొన్ని ఊర్ల రైతులు టెయిలింగ్ పాండ్ (గని వ్యర్థాలు వదిలే చెరువు) వల్ల బోరు నీళ్లు చెడిపోయినాయని, అరటి తోటలు ఎండినాయని ఏండ్ల తరబడి చెప్తానే ఉండారు. నల్లమలలో తవ్వుతామంటే 2019లో జనం లేచినారు, తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. పొగ రాని కరెంటు అనేవాళ్లు రియాక్టర్ గేటు దగ్గర్నుంచి మొదలుపెడతారు, గని దగ్గర్నుంచి మొదలుపెట్టండి.

టొరంటో_నుంచి (కెనడా)
సీమ గడ్డ గారూ, గని దగ్గర్నుంచి లెక్క వేయాలన్నది ఒప్పుకుంటాను, అయితే బొగ్గు గని, బూడిద చెరువు కూడా అదే తక్కెడలో పెట్టాలి. నేను ఉండే ఆంటారియోలో 2014లో ఆఖరి బొగ్గు ప్లాంటు మూసేశారు. అది సాధ్యమైంది ముఖ్యంగా పాత అణు రియాక్టర్లని మళ్లీ బాగుచేసి నడపడం వల్ల, నయాగరా హైడ్రో ఎలాగూ ఉంది. మన రాజస్థాన్, కైగా రియాక్టర్లు కూడా మూలంలో ఇక్కడి కాండూ రకమే, భారజలంతో నడిచేవి. ఆ భారజలం మణుగూరులో తయారవుతుంది, ఇంధన కట్టలు హైదరాబాద్ మౌలాలిలో అణు ఇంధన సంస్థ ఎన్‌ఎఫ్‌సీలో తయారవుతాయి, అంటే ఈ పని మనవాళ్లకి చేతనైనదే.

అయితే ఖర్చు దాచకూడదు. ఇక్కడ డార్లింగ్టన్‌లో చిన్న రియాక్టర్లు, 300 మెగావాట్లవి నాలుగు, 2025 మేలో కట్టడానికి అనుమతిచ్చారు, మొత్తం దాదాపు 21 బిలియన్ కెనడా డాలర్లు. మన బడ్జెట్లో 20 వేల కోట్లు పెట్టి 2033కి చిన్న రియాక్టర్లు ఐదు నడుపుతామన్నారు. చిన్నది కాబట్టి చవక అనుకోవద్దు, మొదటివి ఎప్పుడూ ఖరీదే.

కొవ్వాడ_ఒడ్డు
కొవ్వాడకి అనుకున్న రియాక్టర్ రకమే అమెరికాలో జార్జియాలో వోగ్ల్ అనే చోట కట్టారు కదా, అదెంతయింది సార్?

టొరంటో_నుంచి
రెండు రియాక్టర్లకి మొదట 14 బిలియన్ డాలర్లన్నారు, 30 దాటింది, ఏడేళ్లు ఆలస్యం. ఒకటి 2023 జులైలో, ఇంకోటి 2024 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. పక్క రాష్ట్రం సౌత్ కరోలినాలో అదే రకం రెండు సగంలో 2017లో వదిలేశారు, అక్కడి జనం బిల్లుల్లో ఇప్పటికీ ఆ డబ్బు కడుతున్నారు. చైనాలో మాత్రం 2018లోనే అదే రకం నడిపించారు. అందుకే నా అభిప్రాయం, మనకి అణు విద్యుత్ కావాలంటే మన సొంత 700 మెగావాట్ల భారజల రియాక్టర్లే వరసగా కట్టుకుంటూ పోవాలి. గుజరాత్‌లో కాక్రాపార్ మూడు, నాలుగు రియాక్టర్లు నడుస్తున్నాయి, రాజస్థాన్ ఏడో రియాక్టర్ 2025లో గ్రిడ్‌కి కలిసింది.

లెక్కల_మాస్టారు
ఆ కాక్రాపార్‌కే 2010లో కాంక్రీట్ పోస్తే మూడో యూనిట్ వాణిజ్యంగా మొదలైంది 2023లో. 13 ఏళ్లు! 2025లో దేశం మొత్తం మీద 9 వేల మెగావాట్ల లోపే ఉన్న అణు సామర్థ్యాన్ని 2047కి లక్ష మెగావాట్లు చేస్తామంటున్నారు. వరసగా కడితే వేగం పెరుగుతుంది, నేను కాదనను. కానీ వచ్చే పదేళ్ల సాయంత్రాలకి అణు విద్యుత్ సమాధానం కాదు. ఇవాళ పునాది తీసినా అది మన మనవళ్ల సాయంత్రాలకి వస్తుంది, వాళ్ల కోసం కట్టాలి కూడా. మన సాయంత్రాల సంగతి వేరే చూసుకోవాలి.

కొవ్వాడ_ఒడ్డు
మనవళ్ల కోసమే అయితే వాళ్లకి ప్రమాదం జరిగితే ఎవరు బాధ్యులో కూడా తేల్చాలి మాస్టారూ. 2010 చట్టంలో నడిపేవాళ్ల బాధ్యత 1500 కోట్లకి పరిమితం చేశారు, కనీసం యంత్రం చెడ్డదిస్తే అమ్మిన కంపెనీ మీదకి వెళ్లే హక్కు ఉండేది, భోపాల్ చూశాం కాబట్టి పెట్టుకున్నది. 2025 డిసెంబర్లో పార్లమెంటు పాస్ చేసిన కొత్త అణు చట్టంలో ఆ హక్కు తీసీసారు, ప్రైవేటోళ్లకి కూడా తలుపు తీసారు. మావోళ్లు వేటలేక ఇప్పటికే గుజరాత్ వెరావల్ దాకా వలస పోతున్నారు, రేపు రియాక్టర్ చల్లబరిచిన వేడి నీళ్లు సముద్రంలోకి వదిల్తే దగ్గర్లో చేప ఉంటాదా అని అడిగితే సూటిగా జవాబు చెప్పిన అధికారి ఒక్కడూ లేడు. నేను అణు విద్యుత్‌కి వ్యతిరేకిని కాను. అడిగినదానికి జవాబు చెప్పకుండా భూమి తీసుకోవడానికి వ్యతిరేకిని.

నిర్వాహకుడు
పార్టీల పేర్లతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. మిగతా చర్చ బాగుంది, కొనసాగించండి.

డాలస్_లక్ష్మి (టెక్సస్)
2021 ఫిబ్రవరి చలి తుఫానులో మేము ఇంట్లో కరెంటు లేకుండా పిల్లల్ని కార్లో కూర్చోబెట్టి హీటర్ వేసుకున్నాం. అప్పుడు అందరూ గాలి మరలు గడ్డకట్టాయి అని ఒకటే ప్రచారం. అసలు ఎక్కువ పోయింది గ్యాస్ సప్లై, బావుల దగ్గరా పైపుల దగ్గరా. బొగ్గు కూడా పడిపోయింది. అణు కేంద్రంలో కూడా ఒక రియాక్టర్ ఆగింది, నీళ్ల ప్రెషర్ కొలిచే చిన్న గొట్టం గడ్డకట్టడం వల్ల. ఏ ఒక్కదాన్నీ పూర్తిగా నమ్ముకోకూడదని మాకు అప్పుడు అర్థమైంది. తర్వాత ఇక్కడ బ్యాటరీలు విపరీతంగా పెట్టారు, ఇప్పుడు వేసవి సాయంత్రాలు సోలార్ తగ్గేటప్పుడు అవే ఆదుకుంటున్నాయి. మూడు నాలుగు గంటలకి బ్యాటరీ బాగా పనిచేస్తుంది, మూడు రోజుల చలికి మాత్రం చాలదు. మన దగ్గర మూడు రోజుల చలి లేదు, కానీ వానాకాలంలో వారం రోజులు మబ్బు పట్టి గాలి కూడా లేకపోతే ఏంటన్నది ఆలోచించాలి.

ఓర్వకల్లు_గాలి
థాంక్స్ లక్ష్మి గారూ. బ్యాటరీ రేట్లు ఇక్కడా పడిపోయాయి. 2022 టెండర్లో మెగావాట్‌కి నెలకి అద్దె 10 లక్షల 80 వేల పైన పలికింది, 2025కి రెండున్నర లక్షల లోపుకి వచ్చేసింది. ఇంత తొందరగా పడుతుందని ఎవరూ అనుకోలేదు.

ఇక మా జిల్లా పక్కనే పిన్నాపురం పంప్డ్ స్టోరేజ్. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు, గోరకల్లు రిజర్వాయర్ నుంచి ఒకసారి నీళ్లు నింపుకుంటే అవే నీళ్లు పగలు సోలార్‌తో పైకి ఎక్కించి రాత్రి కిందకి వదిలి టర్బైన్ తిప్పుతారు. 1680 మెగావాట్లు, సుమారు ఆరు గంటలు. పంట చేతికొచ్చిన్నాడే తెగనమ్ముకోకుండా గోదాంలో పెట్టుకోవడం లాంటిది, తరుగు ఉంటుంది, వంద యూనిట్లు పెడితే 75, 80 తిరిగొస్తాయి. మాస్టారూ ఒక్క లెక్క వెయ్యండి, ఆరు గంటలంటే ఏపీకి ఎంత?

లెక్కల_మాస్టారు
1680 ఇంటూ 6, పదివేల మెగావాట్ అవర్లు, అంటే కోటి యూనిట్లు. ఏపీ రోజు వాడకం 20 కోట్ల యూనిట్ల పైనే. ఒక్కటి చాలదు, అలాంటివి నాలుగైదు ఉంటే సాయంత్రం పీక్ గట్టెక్కుతుంది. ఎగువ సీలేరులో 1350 మెగావాట్లది అనుకుంటున్నారు, అది అడవి, గిరిజన గ్రామాలు, కొవ్వాడ తమ్ముడు అడిగిన ప్రశ్నలే అక్కడా అడగాలి.

ఇంకో మాట, కొత్తవి కట్టేముందు ఉన్నవి వాడండి. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి, అవి వెనక్కి తిప్పి నీళ్లు పైకి తోడగలవు. నాగార్జునసాగర్‌లో 100 మెగావాట్లవి ఏడు అలాంటివే. అంటే 1600 మెగావాట్ల స్టోరేజ్ మన నాన్నల కాలంలోనే ప్లాన్ చేసి పెట్టారు! కింద నీళ్లు నిలవ ఉండాలి, రెండు రాష్ట్రాలు కృష్ణా నీళ్ల మీద ఒక మాట మీద ఉండాలి. తగువు వల్ల ఆ యంత్రాలు ఉండాల్సినంతగా నడవడం లేదు. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా కడుపు మండేది ఇదే.

బొగ్గుబాయి
శ్రీశైలం ఎడమగట్టు పేరు ఇంటే 2020 ఆగస్టు గుర్తొస్తది. లోపల మంటలొచ్చి తొమ్మిది మంది పోయిన్రు. యంత్రాలు నడుపుమనెటోళ్లు అవి నడిపేటోళ్ల భద్రత గూడ అడగాలె సార్.

లెక్కల_మాస్టారు
తప్పకుండా బాబూ. అది ముందు.

ఎస్సారెస్పీ_ఆయకట్టు
ఇగ విశాఖకు గూగుల్ డేటా సెంటర్ వస్తున్నదట, ఒక గిగావాట్ దాక అంటున్రు. అది రాత్రి పగలు ఒక్క తీరుగ గుంజుతది. రైతును పగలే వాడుకో అంటున్నప్పుడు వాళ్లను గూడ అడగాలె గద, మీ సాయంత్రం కరెంటుకు మీ స్టోరేజ్ మీరే పెట్టుకోండ్రి అని?

డిశ్చార్జ్_రాడ్
నూటికి నూరుపాళ్లు నిజం అన్నా. స్మార్ట్ మీటర్ ఉన్నవాళ్లకి పగలు రేటు తగ్గించి సాయంత్రం పీక్‌లో పెంచాలని కేంద్రం 2023లోనే రూల్ తెచ్చింది. పెద్ద లోడ్ల దగ్గర అది గట్టిగా అమలు చేస్తే వాళ్లే బ్యాటరీలు పెట్టుకుంటారు. ఇళ్ల దగ్గర మాత్రం తొందరపడొద్దు, రోజు కూలీకి వెళ్లే ఇల్లాలు వంట చేసేది సాయంత్రమే.

ఓర్వకల్లు_గాలి
ఒక పని చేద్దాం. ప్రతి ఏడాదీ డిస్కంల (మనకి కరెంటు పంచే కంపెనీల) ఆదాయ వ్యయాల మీద రెండు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్లు బహిరంగ విచారణ పెడతాయి, ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరాలు పంపొచ్చు. అక్కడికి వచ్చేది ఎప్పుడూ అదే పదిమంది. ఈసారి మనం ఒక ఉత్తరం పంపుదాం. ఆరు నుంచి పదకొండు దాకా గంటగంటకీ ఏ కరెంటు ఎంత, ఏ రేటుకి కొన్నారో బయటపెట్టమని, సాగర్ శ్రీశైలం రివర్స్ యంత్రాలు ఏడాదిలో ఎన్ని గంటలు తోడాయో చెప్పమని, బోర్లకి పగటి ఫీడర్లు ఎప్పటికి వేరు చేస్తారో తేదీ ఇమ్మని. ఎవరు ఏది రాస్తారు?

లెక్కల_మాస్టారు
సాగర్, శ్రీశైలం నాకు వదిలెయ్యి.

ఎస్సారెస్పీ_ఆయకట్టు
ఫీడర్ల ముచ్చట నేను రాస్త, మా ఊరి రైతులతోని సంతకాలు గూడ పెట్టిస్త. తెలంగాణ మండలికి వేరేగ పంపాలె.

కొవ్వాడ_ఒడ్డు
అణు కేంద్రం ఆ మండలి పరిధిలోకి రాదు, నాకు తెలుసు. అయినా కొవ్వాడ కరెంటు వస్తే డిస్కం ఏ రేటుకి కొంటానని ఒప్పుకుందో, అసలు ఒప్పుకుందో లేదో అడగొచ్చు కదా. ఆ ప్రశ్న నేను రాస్తాను. భాష మాస్టారు ఓసారి దిద్దిపెట్టాలి.

మేడమీద_ప్యానెల్
ఇళ్ల సోలార్ అమ్మేవాళ్లు కరెంటు పోతే ఆగిపోతుందని ముందే రాతలో చెప్పాలని ఒక పాయింటు కలపండి. అది నేను రాస్తాను. ట్రాన్స్‌ఫార్మర్ల సంగతి లైన్‌మన్ గారు చెప్తే అదీ నేనే టైప్ చేస్తాను, ఆయన పేరు ఎక్కడా రాకుండా.